మేత మానిన కప్ప

ప్రళయకావేరి యొడ్డున పుట్టి పెరిగిన పిల్లలకు నీటిప్రాణులు కొత్తవి కావు. రొయ్యను, పీతను, జెల్లను చూచినంతనే పేరు చెప్పగలరు. నేలపట్టు చెఱువున గూళ్లు కట్టు గూడబాతులను, చలికాలమున సరస్సునందు వరుసలుగా నిలుచు ఫ్లెమింగోలను దూరమునుండియే గుర్తింపగలరు. అయినను నీటిప్రాణిని నీటియందు చూచుట వేఱు, దానిని ఇంటికి దెచ్చి గాజుతొట్టెలో నుంచి సంవత్సరముల తరబడి బ్రదికించుట వేఱు. మొదటిది కన్నులున్న వారికెల్లరకు వచ్చును. రెండవది నేర్చినగాని రాదు. ఇటీవల మన విద్యార్థులలో పలువురు నీటికప్పలను పెంచుచున్నారు కావున ఈ సంచికలో ఆ విషయమును గూర్చి మా యభిప్రాయమును కొంచెము విరివిగా వ్రాయుచున్నాము. కప్పను గూర్చి యింత వ్రాతయా యని నవ్వువారు నవ్వుదురు గాక.

ఈ కప్పలు రెండు విధములుగా మన యిండ్లకు వచ్చుచున్నవి. అలంకారపు చేపల నమ్ము అంగళ్లలో చేపలతోపాటు ఆఫ్రికా దేశపు నీటికప్పలు కూడ నమ్మబడుచున్నవి. వానిలో గోళ్లుగల పెద్దజాతి యొకటి, బొటనవ్రేలంత చిన్నజాతి యొకటి. ఇవి జీవితమంతయు నీటిలోనే గడపును, ఊపిరికొఱకు మాత్రము పైకి వచ్చును. వీనికి నాలుక లేదు. ముందరి చేతులతో మేతను నోటిలోనికి త్రోసికొనును. రెండవ విధము మన చెఱువులలోని కప్పలను సీసాలలో పట్టి తెచ్చుట. నీటిమీద రాయి విసరినట్లు గంతులిడుచు పాఱిపోవు చిన్నకప్పను పట్టని బాలుడు మన ప్రాంతమున అరుదు. ఈ రెండవ విధమును మేము ఏమాత్రము మెచ్చము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో కప్పలకును చోటు కల్పింపబడినది. చట్టము మాట అటుంచినను, చెఱువున సుఖముగా నున్న ప్రాణిని సీసాలోనికి దెచ్చుటకు తగిన కారణమేదియు మాకు తోచుట లేదు. చూడవలెనన్నచో చెఱువుగట్టున కూర్చుండి చూడవచ్చును.

ఇక అసలు సంగతి. కప్పను పెంచు విద్యార్థి యొకనాడు వచ్చి, “అయ్యా, నా కప్ప మేత ముట్టుట లేదు, ఏమి పెట్టమందురు?” అని యడుగును. ఎఱ్ఱలు పెట్టి చూచెనట, రొయ్యపిల్లలు పెట్టి చూచెనట, అంగడిలో కొన్న గుళికలు వేసి చూచెనట. ప్రతిదానికిని కప్ప మొగము త్రిప్పుకొనెనట. పిల్లవాని దుఃఖము నిజమైనదే. కాని వాని ప్రశ్నయందే తప్పున్నది. ఏమి పెట్టవలెనని యడుగుటకు ముందు, అది యెట్టి నీటిలో నున్నదని యడుగవలెను. మేము చూచినంతలో, తొట్టెలోని కప్ప మేత మానినప్పుడు పది పర్యాయములలో ఏడెనిమిది పర్యాయములు దోషము నీటియందే కనబడినది.

దీనికి కారణమును చెప్పెదము. మనము నోటితో నీరు త్రాగుదుము, ముక్కుతో ఊపిరి పీల్తుము. చర్మము మనకు గోడ వంటిది. కప్పకు చర్మము తలుపు వంటిది. అది నోటితో నీరు త్రాగదు, చర్మముతోనే నీటిని పీల్చుకొనును. ప్రాణవాయువులో కొంతభాగము చర్మము ద్వారానే లోనికి పోవును. దేహమునకు కావలసిన లవణములు చర్మము ద్వారానే నిలుపబడును. కావున నీటిలో నేది కలసినను అది కప్ప రక్తములో కలసినట్లే. చేతికి సబ్బు రాచుకొని సరిగా కడుగుకొనక తొట్టెలో చేయి ముంచిన బాలుడు ఆ సబ్బును కప్పకు త్రాగించినవాడే యగును. దోమలకై ప్రక్కనే మందు చల్లిన తల్లియు అట్లే. అట్టి ప్రాణికి నీరు చెడినప్పుడు మొట్టమొదట తప్పునది ఆకలి. మనకు జ్వరము వచ్చిన దినమున అన్నము సయింపనట్లే.

మన ప్రాంతపు నీటిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పులికాట్ సరస్సు చిలకా తర్వాత మన దేశమున రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నదులు దెచ్చు మంచినీరును, బంగాళాఖాతపు ఉప్పునీరును ఇందు కలియును. ఈశాన్య ఋతుపవనపు వానలు కురిసినపుడు ఉప్పు తగ్గును. ఎండకాలమున నీరిగిరి, కొన్నియెడల సముద్రపు నీటినే మించును. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుండును. కప్ప దేహరసములలోని ఉప్పు అందులో నాలుగవవంతు మాత్రమే. అంతకంటె ఉప్పనైన నీటిలో సాధారణపు కప్పను ఉంచినచో నీరు లోనికి పోవుటకు బదులు లోనినుండి బయటికి వచ్చును. అనగా నీటిలో మునిగియుండియు ఆ ప్రాణి దాహముతో చచ్చును. ఇట్టి క్రూరమైన వింత మఱియొకటి లేదు. ఆగ్నేయ ఆసియా మడయడవులలో ఉప్పునీటికోర్చు కప్పజాతి యొకటి గలదు గాని అది మన తొట్టెలలోని జాతి కాదు.

సరస్సు నీరు తొట్టెలో పోయువారెవరును లేరు. కాని సరస్సునకు చేరువనున్న మన బోరునీరు పలుచోట్ల కొంచెమో గొప్పో ఉప్పనిదే. మనకు అలవాటై రుచి తెలియదు. ఉప్పని బోరునీరు తొట్టెలో నిండించి, ఎండకు ఇగిరినంత మరల అదే నీటితో నింపుచుండగా ఉప్పు దినదినము పెరుగును. ఎందుకనగా ఆవిరియైపోవునది నీరే, ఉప్పు అడుగుననే నిలిచియుండును. మూడు నెలలకు ఆ తొట్టె చిన్న ప్రళయకావేరి యగును! ఇగిరిన నీటిని నింపుట వేఱు, నీటిని మార్చుట వేఱు అను సంగతిని పిల్లలు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను.

పంచాయతీ కుళాయినీరు ఉప్పనిది కాకపోవచ్చును గాని దానియందు క్లోరిన్ ఉండును. ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగుపొడి వేసిన దినమున ఆ వాసన మనకే తెలియును. మనకు మేలుచేయు ఆ మందే కప్ప చర్మమును కాల్చును. వెడల్పైన పాత్రలో ఒక పగలు, ఒక రాత్రి మూతలేక నిలువయుంచినచో బ్లీచింగు క్లోరిన్ చాలవఱకు ఎగిరిపోవును. కొన్ని పట్టణములలో వాడు క్లోరమీను మాత్రము అట్లు పోదు, దానికి విఱుగుడు మందు వేయవలెను. ఇక క్యానులలో వచ్చు శుద్ధజలము శ్రేష్ఠమని కొందఱి భావము. అదియు సరికాదు. లవణములన్నియు తీసివేసిన నీటిలో కప్ప తన దేహములోని లవణములను పోగొట్టుకొనును. నిలువయుంచిన మంచి బావినీరు అన్నిటికంటె మేలు. అది దొరకనిచోట క్యాను నీటిని నిలువయుంచిన కుళాయినీటితో కలిపి వాడవచ్చును. మిద్దెమీద పడిన వాననీరు సున్నమును, పక్షుల రెట్టను కడిగికొని వచ్చును గనుక వలదు.

నీటిని చెఱచు మఱియొక వస్తువు కప్పపై మనకుగల ప్రేమయే. కప్ప విసర్జించు మలమూత్రములనుండియు, తినక మిగిలిన మేత క్రుళ్లుటనుండియు అమోనియా పుట్టును. ఆ విషమును హరించు మేలైన సూక్ష్మజీవులు కొత్తతొట్టెలో నెలకొనుటకు నెలయో, నెలన్నరయో పట్టును. వేడి హెచ్చినకొలది అమోనియా విషమును హెచ్చును. మేత మానిన కప్పయెదుట పూటపూటకు ఎఱ్ఱలను, రొయ్యలను క్రుమ్మరించుచున్న బాలుడు దాని ఆకలిని చంపిన విషమునే ఇంకను పోయుచున్నాడు. ఆ క్రుళ్లునుండి కప్పకు మఱింత అరుచి, కప్ప అరుచికి వాని చేతినుండి మఱింత మేత! ఇట్టి చక్రమునుండి బయటపడుటకు దారి యొక్కటే. మేత వేయుట మానవలెను. అడుగునున్న మడ్డిని గొట్టముతో తీసివేయవలెను. నీటిలో మూడవవంతు తీసి, నిలువయుంచిన నీరు, తొట్టెలోని నీటికి సరియైన చల్లదనము గలది, పోయవలెను. దినము విడిచి దినము ఇట్లే చేయవలెను. తొట్టెలో స్పంజివడపోత యున్నచో దానిని కుళాయిక్రింద కడుగరాదు. క్లోరిన్ తగిలి మేలైన సూక్ష్మజీవులు నశించును. తొట్టెనుండి తీసిన నీటితోనే పిండవలెను. అమోనియాను పరీక్షించు చుక్కలమందు చేపల అంగళ్లలో దొరకును. రంగురంగుల ప్లాస్టిక్ కోటలకు వెచ్చించు పైకముతో దీనిని కొనుట మేలు.

ఎండను గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదనుకొందుము. సూళ్లూరుపేట ఎండ యెట్టిదో చదువరులెల్లరు ఎఱుగుదురు. గోళ్లుగల ఆఫ్రికా కప్పకు 16 మొదలు 22 డిగ్రీల చల్లదనము హితము. చిన్నజాతికి 24, 26 డిగ్రీలు తగును. మన మే నెలలో మిట్టమధ్యాహ్నము గోడప్రక్కనున్న తొట్టె యెంత కాగునో చేయి పెట్టి చూచిన తెలియును. తొట్టెను ఉత్తరపు గదిలో నేలపై నుంచుట, నీటిమీద గాలి వీచునట్లు పంకా నుంచుట, తడిగోనెను చుట్టుట, మూతగల సీసాలో గడ్డకట్టిన నీటిని తేలవిడుచుట మొదలగు ఉపాయములు గలవు. మంచుముక్కలు సరాసరి వేయరాదు. వీలైన చల్లదనమును క్రమముగా కలిగింపవలెను. ఇవన్నియు చేసినను పెద్దజాతి కప్పకు మన వేసవి కష్టకాలమే. ఆ జాతిని మన తీరమున పెంచుటయే అనుచితమని మా యభిప్రాయము. అమ్మువారు ఈ మాటను చెప్పరు.

అన్ని ఉపవాసములును రోగములు కావు. ఈ సంగతి తెలియక పిల్లలు వృథాగా కలతపడుచున్నారు. తోకకప్ప కప్పగా మాఱునపుడు, ముందరికాళ్లు వెలువడి తోక క్రుంగిపోవు దినములలో అది యేమియు తినదు. అప్పుడు దాని నోరును, ప్రేవులును కొత్తరూపము దాల్చుచుండును; తోకలో దాచిన బలముతోనే అది బ్రదుకును. ఆ దినములలో మేత వేసి నీటిని చెఱుపుట తగదు. కొత్తగా తెచ్చిన కప్ప కొన్ని దినములు బెదరియుండి తినకపోవుట సహజము. చర్మము విడుచునపుడు ఒకపూట మానును; విడిచిన చర్మమును తానే మ్రింగును, చూచి అసహ్యింపకుడు. బలిసిన పెద్దకప్ప వారము, పదిదినములు తినకున్నను ప్రాణాపాయము లేదు. మనవలె అది యొంటివేడిని నిలుపుకొనుటకై తిననక్కఱలేదు గదా. బొటనవ్రేలంత చిన్నకప్ప మాత్రము అంతకాలము ఓర్వజాలదు.

మన చెఱువులలోని పెద్ద పచ్చకప్పను గూర్చి యొక వింతను ఇచ్చట చెప్పక విడువజాలము. కప్పలన్నియు పురుగులనే తినునని పుస్తకములలో చదువుకొందుము. ఈ పచ్చకప్ప పెరిగి పెద్దదైనపిదప నీటిమొక్కల ఆకులను విశేషముగా తినునని ఇంద్రనీల్ దాసుగారు 1996లో ప్రకటించిన పరిశోధనలో చూపిరి. అట్టి కప్పయెదుట ఎఱ్ఱలు కుప్పవోసి, తినుట లేదని యేడ్చువాడు ఆవుయెదుట చేపలు పెట్టినవానితో సమానుడు.

ఇక నిజమైన రోగపు గుర్తులు. తొడలయందును, పొట్టక్రిందను ఎఱ్ఱని చాఱలు కనబడుట. దేహమంతయు నీరుపట్టి ఉబ్బుట. ఒకప్రక్కకు ఒఱిగి తేలుచు మునుగలేకపోవుట. చర్మము తునకలు తునకలుగా ఊడుట. పుండ్లపై తెల్లని దూదివంటి బూజు పట్టుట. వెన్నెముక బయటపడి తొడలు సన్నగిల్లుట. వీనిలో ఏదియైనను కనబడినచో ఉపవాసము మామూలుది కాదు. ఎఱ్ఱని తొడల రోగము ఏరోమోనాసను సూక్ష్మజీవులవలన తఱచు కలుగును. మురికినీరు దానికి పుట్టినిల్లు. అడుగున పఱచిన చిన్నరాళ్లను మేతతో కూడ మ్రింగి ప్రేవులు మూసికొనుటయు నొకటి గలదు. కప్ప నోట పట్టునంతటి రాళ్లు తొట్టెలో నుండనే కూడదు.

రోగియైన కప్పకు ప్రత్యేకమగు పాత్ర అవసరము. తెల్లని ప్లాస్టిక్ తొట్టి చాలును. రాళ్లు లేక, నీరు తక్కువగా, కప్ప కాళ్లూని ముక్కు పైకెత్తునంత లోతు మాత్రముండవలెను. దాగుటకొక పగిలిన కుండపెంకు. దాని అంచులను నూఱి నునుపుచేయవలెను. పైన వలమూత. మనుష్యుల రాకపోకలు లేని నీడగది. రెండుమూడు దినములకొకసారి చిన్న ఎఱ్ఱముక్క నొకదానిని చూపి, అరగంటలో ముట్టనిచో తీసివేయవలెను. వారమునకొకసారి చిన్నత్రాసులో తూచి పుస్తకమున వ్రాయవలెను. “చిక్కినట్లున్నది” అను మాటతో వైద్యుడు చేయగలది కొంచెము. గతవారము 60 గ్రాములు, ఈవారము 54 అని చెప్పినచో ఆయనకు దారి దొరకును.

మా విజ్ఞానశాస్త్రపు గదిలో ఆఫ్రికా జాతి కప్ప యొకటి గతసంవత్సరము పదునొకండు దినములు మేత ముట్టలేదు. అప్పుడు విద్యార్థులలో మూడు పక్షములేర్పడెను. ఏకాభిప్రాయము కుదుర్చుట కప్పల తక్కెడయే యయ్యెను. మొదటిపక్షమువారు నోరు తెఱచి మేతను త్రోయుదమనిరి. రెండవవారు చేపలకు వేయు నీలిమందును వేయుదమనిరి. మూడవవారు, వారిలో ఆడపిల్లలే హెచ్చు, “పాపము, బందిఖానాలో దిగులుపడియున్నది, తీసికొనిపోయి చెఱువులో విడిచిపెట్టుదము, బ్రదికిన బ్రదుకును” అని వేడుకొనిరి.

మొదటి రెండు పక్షములకు సమాధానము సులభము. బలవంతముగా నోరు తెఱచినచో దవడ విఱుగవచ్చును, మేత ఊపిరితిత్తులకు పోవచ్చును, బెదరు హెచ్చును. అది తెలిసిన పశువైద్యుడు చేయవలసిన పని. చేపలకు సరిపోవు మందు చర్మముతో నీరు పీల్చు కప్పకు విషము కావచ్చును. తామ్రము కలసిన మందులు మఱియు ప్రమాదకరములు. రోగమేదో తెలియక మందు వేయుట చీకటిలో రాయి విసరుటయే.

మూడవపక్షమువారి మాటలో దయ యున్నది. కావుననే దానికి బదులు చెప్పుట కష్టము, చెప్పకుండుట అంతకంటె తప్పు. కప్పలకు తగులు ఒకజాతి బూజుతెగులు లోకమంతట వ్యాపించియున్నది. 1990 తర్వాతనే శాస్త్రజ్ఞులు దానిని గుర్తించి, 1999లో బత్రాకోకిట్రియమను పేరు పెట్టిరి. అది చర్మమునంటి, లవణములను నిలుపు శక్తిని పోగొట్టి, తుదకు గుండెనే ఆపివేయును. మేత మానుట, మందముగా పడియుండుట, చర్మము విస్తారముగా ఊడుట దాని గుర్తులు. 2019లో ప్రకటింపబడిన లెక్కప్రకారము 501 జాతులు ఈ తెగులుచే క్షీణించినవి. అందు 90 జాతులు నిశ్శేషములైనట్లు తలపబడుచున్నవి. మన పడమటి కనుమలలో దీని జాడ 2011లో ప్రకటింపబడెను. గోళ్లుగల ఆఫ్రికా కప్ప ఈ తెగులును మోయుచు కూడ తాను చావకుండగలదు. తెగులు ఆఫ్రికానుండియే వచ్చెనని మొదట కొందఱు తలచిరి. 2018లో వెలువడిన జన్యుపరిశోధన తూర్పు ఆసియాను చూపెను. పుట్టినిల్లేదైనను, బ్రదికియున్న కప్పల వర్తకమే దానిని సముద్రములు దాటించెను. ఈ తెగులు మితమైన చల్లదనమున బాగుగా పెరుగును, మన వేసవివేడికి నిలువజాలదు. కాని మనకు మార్గశిర పుష్యమాసములును గలవు.

కావున రోగియైన కప్పను చెఱువులో విడుచుట దానికి స్వేచ్ఛ నిచ్చుట కాదు, చెఱువులోని కప్పలన్నిటికి రోగమును పంచుట. ఒకవేళ అది రోగము లేనిదై బ్రదికినచో మఱియొక కీడు. ఫ్రాన్సు, చిలీ, కాలిఫోర్నియా దేశములలో ఇట్లు తప్పించుకొనిన ఆఫ్రికా కప్పలు స్థిరపడి, అచ్చటి చిన్నప్రాణులను మ్రింగుచున్నవి. ప్రళయకావేరిలో విడిచినచో ఉప్పునకు చచ్చును, నేలపట్టు వంటి మంచినీటి చెఱువులో విడిచినచో ఇతరులను చంపును. తొట్టెనీటిని కూడ కాలువలో పాఱబోయరాదు. బ్లీచింగుపొడి కలిపి కొంతసేపుంచి, పొడినేలపై పోయవలెను. చెఱువునుండి పట్టి తెచ్చిన కప్పయైనను, ఆఫ్రికా కప్పలున్న తొట్టెలో నొక్కదినముంచినచో తిరిగి చెఱువునకు పంపదగదు.

ఆ పదునొకండు దినముల సంగతి ముగించెదము. నీటిని పరీక్షింపగా అమోనియా మిక్కుటముగా నుండెను. పైన చెప్పిన రీతిగా నీరు మార్చి, ప్రత్యేకపు పాత్రలో నుంచగా పండ్రెండవనాడు అది యొక ఎఱ్ఱముక్కను చేతులతో నోటిలోనికి త్రోసికొనెను. అదే తొట్టెలోని రెండవ కప్ప మాత్రము ఉబ్బి, తొడలెఱ్ఱనై, వైద్యుని యొద్దకు పోకమునుపే చనిపోయెను. రెండింటికిని ఒకటే నీరు, ఒకటే చికిత్స. ఇట్లేల జరిగెనని పిల్లలడిగిన దానికి పూర్తిగా సమాధానము మాకడ లేదు.

వైద్యుని మాట వచ్చినది గనుక తల్లిదండ్రులకొక మనవి. గ్రామములలోని పశువైద్యశాలలు ఆవులకు, గేదెలకు, గొఱ్ఱెలకు ఉద్దేశింపబడినవి. కప్పను తీసికొనిపోయినచో నవ్వుదురేమో యని బిడ్డలు జంకుచున్నారు. తిరుపతిలో 1955లో స్థాపింపబడిన పశువైద్యకళాశాల గలదు. చెన్నపట్టణమున వేపేరిలోని కళాశాల 1903 నాటిది. ముందుగా ఫోనుచేసి, కప్పలను చూచు వైద్యుడున్నాడా యని కనుగొని, తడిగుడ్డ పఱచిన గాలియాడు డబ్బాలో తీసికొనిపోవలెను. ప్రయాణమునకగు వ్యయము కప్ప వెలకు పదిరెట్లు కావచ్చును. “అంత పెట్టి మఱియొకటి కొనవచ్చును గదా” యని పెద్దలందురు. లెక్కకది సరియే. కాని బిడ్డ యెదుట ఆ మాట యనుటకు ముందు, ప్రాణిని కొనునపుడు దాని వైద్యపు ఖర్చును కూడ కొన్నట్లేయని తలపవలెను. ఆ ఖర్చు భరింపలేనివారు, మనలో పెక్కుమంది అట్టివారమే, కప్పను కొనకుండుట గౌరవమే గాని లోపము కాదు. వైద్యుడు ఇక బ్రదుకదని చెప్పినచో, బాధ లేకుండ మత్తుమందుతో ముగించుట ఆయన చేతిపని. ఇంటివైద్యములతో దినములు పొడిగించుట దయ కాదు.

ఆ దినములలో ఉదయపు ప్రార్థనయందు ఆఱవతరగతి బాలుడొకడు కప్పకొఱకు ప్రార్థింపగా పెద్దతరగతులవారు కొందఱు నవ్విరి. మేము నవ్వలేదు. ఐగుప్తు దేశమున కప్పలు తెగులుగా వచ్చిన కథ మాత్రమే యెఱిగినవారికి కప్ప యెడల గౌరవము కలుగుట కష్టము. కాని కప్పకు మానవులు పడిన ఋణము చిన్నది కాదు. 1661లో మల్పీఘి కప్ప ఊపిరితిత్తులలో సూక్ష్మనాళములను చూచి, రక్తము ధమనులనుండి సిరలకెట్లు పోవునో కనుగొనెను. గాల్వానీ 1791లో ప్రకటించిన విద్యుత్పరిశోధనలు కప్పకాళ్లపై చేసినవే. ఈ గోళ్లుగల కప్పమీదనే 1930ల మొదలు కొన్ని దశాబ్దములు స్త్రీలు గర్భవతులగుదురో కాదో పరీక్షించిరి. లోకమంతట అది వ్యాపించుటకు ఆ వర్తకమే మొదలు. జాన్ గర్డన్‌గారికి 2012లో నోబెల్ బహుమానము తెచ్చిన పరిశోధనయు దీనిపైననే. మనదేశమున కప్పకాళ్లను విదేశములకెగుమతి చేయుట 1987లో నిషేధించిరి. కళాశాలలలో జంతువుల కోతను మానవలసినదని విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2014లో ఆదేశించెను. ఇన్నాళ్లు కప్పను కోసి నేర్చుకొన్న పాఠశాలలు ఇప్పుడు దానిని బ్రదికించి నేర్చుకొనుట మాకు సంతోషమే.

మిగిలిన చిక్కు సెలవులది. దసరాకు, క్రిస్మసుకు, సంక్రాంతికి పాఠశాల మూయబడును. అన్నిటికంటె పెద్దది వేసవి సెలవు. నీరు కాగునదియు అప్పుడే, చూచువారు లేనిదియు అప్పుడే. కావలివాని మీద ఈ భారము పెట్టుట న్యాయము కాదు. కావున మేము ఉపాధ్యాయసంఘమునకు ఇట్లు సూచించియున్నాము: సెలవులలో పది దినములకొకరు చొప్పున తొట్టెను చూచుటకు, నిలువనీరు మోసికొని వచ్చుటకు కనీసము ఆఱు కుటుంబములవారు మార్చినెల ముగియులోపల తమ పేళ్లు వ్రాసియిచ్చినచో, బ్రదికియున్న కప్పను ఇచ్చటనే యుంచవలెను. ఇయ్యనిచో దానిని చూచుకొనగలవారి యింటికి తొట్టెతో సహా అప్పగించి, ఆ గదిలో మఱియొక ప్రాణిని తేకుండవలెను. ఇంతవఱకు నాలుగు కుటుంబములవారు ఒప్పుకొనిరి. పేళ్లు వ్రాయు పుస్తకము విజ్ఞానశాస్త్రపు గది తలుపుప్రక్క బల్లమీద నున్నది.